బ్యాటరీ పెరగలేదు, గంటలు పెరిగాయి

2012లో ఆపిల్ అమ్మిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉండేది. ఒకసారి చార్జ్ చేస్తే వైఫైలో వెబ్ చూసుకుంటూ 7 గంటలు గడపొచ్చని కంపెనీ చెప్పింది. మరుసటి ఏడాది జూన్‌లో అదే అల్యూమినియం పెట్టెతో, అదే 1.35 కిలోల బరువుతో కొత్త మోడల్ వచ్చింది. బ్యాటరీ 54 వాట్-అవర్లకు చేరింది. పెరిగింది నూటికి ఎనిమిది వంతులే. గంటలు మాత్రం ఏడు కాస్తా పన్నెండయ్యాయి.

ఆ ఏడాదిలో బ్యాటరీ రసాయనాల్లో ఏ అద్భుతమూ జరగలేదు. ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్ల సైజు కూడా తగ్గలేదు. పాత చిప్పూ కొత్త చిప్పూ ఇంటెల్ 22 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే. మరి ఆ ఐదు గంటలు ఎక్కడి నుంచి వచ్చినట్టు? పల్చటి ల్యాప్‌టాప్‌ల కథలో ముఖ్యమైన మలుపు ఇదే. దీని జవాబు బ్యాటరీలో వెతికితే దొరకదు.

ముందు ఒక చిన్న భాగహారం చేద్దాం. వాట్ అంటే యంత్రం ఎంత వేగంగా విద్యుత్తు తాగుతోందో చెప్పే కొలత. బ్యాటరీలో ఎంత నిల్వ ఉందో చెప్పేది వాట్-అవర్. నిల్వను గంటలతో భాగిస్తే ఆ యంత్రం సగటున ఎన్ని వాట్లు తాగిందో తెలిసిపోతుంది. 2008లో స్టీవ్ జాబ్స్ ఆఫీసు కవరులోంచి బయటికి తీసి చూపించిన మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 37 వాట్-అవర్లు, చెప్పిన సమయం 5 గంటలు. అంటే సగటున 7.4 వాట్లు. అప్పటి పరీక్ష పద్ధతి వేరు కాబట్టి ఈ అంకెను సుమారుగానే తీసుకోవాలి. 2012 మోడల్‌కు అది 7.1. 2013లో ఒక్కసారిగా 4.5. 2020 మార్చిలో వచ్చిన ఇంటెల్ ఎయిర్‌కు 49.9 వాట్-అవర్లు, 11 గంటలు. అదీ 4.5 దగ్గరే. అదే ఏడాది నవంబరులో అదే 49.9 వాట్-అవర్ల బ్యాటరీతో, అదే 1.29 కిలోల బరువుతో, ఆపిల్ సొంత చిప్ ఎం1 పెట్టిన ఎయిర్ వచ్చింది. దానికి 15 గంటలు. భాగిస్తే 3.3 వాట్లు. తెర, వైఫై, మెమరీ, ప్రాసెసర్ అన్నీ కలిపి తాగేది మన ఇంట్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులో మూడో వంతుకు కాస్త ఎక్కువ!

ఇదేమీ ఒక కంపెనీ భజన కాదు. ఒకే ఆకారాన్ని, దాదాపు ఒకే సైజు బ్యాటరీని ఇన్నేళ్లు పట్టుకుని కూర్చున్న మోడల్ ఇంత సులువుగా మరొకటి దొరకదు. అందుకే ఈ ఉదాహరణ.

అసలు బ్యాటరీనే పెద్దది పెట్టేస్తే పోలేదా అనిపించొచ్చు. పోదు. లిథియం-అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చినప్పుడు కిలో బ్యాటరీలో పట్టేది దాదాపు 80 వాట్-అవర్లు. ఇప్పుడు మంచి ల్యాప్‌టాప్ సెల్స్‌లో అది 250 చుట్టుపక్కల ఉంటుంది. ముప్పై ఏళ్లు కష్టపడితే మూడు రెట్లు. ఆ బ్యాటరీకి పునాది వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది కాబట్టి దీన్ని చిన్నచూపు చూడలేం. కానీ పక్కన చిప్పుల లెక్క పెట్టి చూడండి. 1989 నాటి ఇంటెల్ 486లో ట్రాన్సిస్టర్లు 12 లక్షలు. ఎం1లో 1,600 కోట్లు. పదివేల రెట్లు దాటింది. రసాయన శాస్త్రానికి ఆ పరుగు చేతకాదు. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చెయ్యొచ్చు గానీ లిథియం పరమాణువును చిన్నది చెయ్యలేం కదా.

బ్యాటరీ లోపల జరిగేది ఏమిటంటే, చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు కోబాల్ట్ ఆక్సైడ్ పొరల్లోంచి బయటికొచ్చి అవతలి వైపున్న గ్రాఫైట్ పొరల మధ్యకు చేరతాయి. వాడేటప్పుడు తిరిగి వెనక్కి వస్తాయి. గ్రాఫైట్‌లో ఒక్క లిథియంకు చోటివ్వాలంటే ఆరు కార్బన్ పరమాణువులు కావాలి. కాబట్టి గ్రాము గ్రాఫైట్‌లో 372 మిల్లీయాంప్-అవర్లకు మించి పట్టదు. ఇది తయారీ లోపం కాదు, ప్రకృతి పెట్టిన హద్దు. అటు కోబాల్ట్ ఆక్సైడ్ వైపు ఇంకో ఇబ్బంది. అందులోని లిథియం సగానికి మించి లాగేస్తే పొరల నిర్మాణం కుదురు తప్పుతుంది. గ్రాఫైట్ బదులు సిలికాన్ వాడితే గ్రాముకు దాదాపు పది రెట్లు పడుతుంది. కానీ చార్జ్ అయ్యేటప్పుడు సిలికాన్ మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, దిగేటప్పుడు కుంచించుకుపోతుంది. నాలుగు రోజులకే పగుళ్లు. అందుకని ఇప్పటికైతే గ్రాఫైట్‌లో కాస్త కాస్త కలుపుకుంటూ వస్తున్నారు.

ఇక బరువు సంగతి. కిలోకు 250 చొప్పున 50 వాట్-అవర్లంటే సెల్స్ బరువు 200 గ్రాములు. 1.29 కిలోల యంత్రంలో ఆరో వంతు. దీన్ని రెట్టింపు చేస్తే మరో 200 గ్రాములు, దానికి చోటివ్వడానికి పెద్ద పెట్టె, ఆ పెట్టె వంగకుండా మరింత లోహం. పైగా 100 వాట్-అవర్ల దగ్గర గోడ ఒకటుంది. ఆ పరిమితి దాటిన బ్యాటరీని విమానంలో తీసుకెళ్లాలంటే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. 160 దాటితే ప్రయాణికుల సామానులో చోటే లేదు. అందుకే 16 అంగుళాల భారీ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు చాలావరకు 99 చుట్టూ ఆగిపోతాయి. ఆ అంకె ఇంజనీర్లు పెట్టుకున్నది కాదు, విమానాశ్రయం పెట్టింది.

ఇక్కడ పాతకాలం యంత్రాలు రెండింటిని తలచుకోవాలి. 1989లో ఆపిల్ తెచ్చిన మ్యాకింటాష్ పోర్టబుల్ బరువు 7 కిలోలు పైమాటే. దాంట్లో ఉన్నది స్కూటర్లలో వాడే తరహా సీసం-ఆమ్లం బ్యాటరీ. దాదాపు 10 గంటలు వచ్చేదట, మోయగలిగితే! దానికి ఆరేళ్ల ముందే, 1983లో, అమెరికాలో టీఆర్‌ఎస్-80 మోడల్ 100 అని ఒక యంత్రం అమ్మారు. బరువు కిలోన్నర లోపే. గోడగడియారంలో వేసే ఏఏ సెల్స్ నాలుగు వేస్తే దాదాపు 20 గంటలు నడిచేది. విలేఖరులు దాన్ని చంకన పెట్టుకుని తిరిగి, ఫోన్ లైన్ ద్వారా వార్తలు పంపేవారు. అంత సమయం ఎలా వచ్చిందంటే దాని తెర వెనక లైటు లేదు, ఎనిమిది వరుసల అక్షరాలు తప్ప బొమ్మలు పెద్దగా లేవు, ప్రాసెసర్ దాహమూ చాలా తక్కువ. అంటే తక్కువ తాగే యంత్రానికి ఎక్కువ బ్యాటరీ అక్కర్లేదన్న సంగతి నలభై ఏళ్ల కిందటే రుజువైంది. తర్వాత రంగుల తెరలు, వేగం, ఇంటర్నెట్ వచ్చి ఆ పాఠాన్ని మరుగున పడేశాయి.

చిప్ ఎందుకు తాగుతుంది? ట్రాన్సిస్టర్ ఒకసారి ఆన్ అయి ఆఫ్ అయితే కొద్దిపాటి విద్యుదావేశం నిండి, ఖాళీ అవుతుంది. ఇలా సెకనుకు వందల కోట్ల సార్లు. ఖర్చయ్యే శక్తి ఆ వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ వర్గమే అసలు కీలకం. వోల్టేజి 1 నుంచి 0.8కి తగ్గిస్తే ఖర్చు 0.64కి పడిపోతుంది. దాంతోపాటు వేగమూ అయిదో వంతు తగ్గించుకుంటే మొత్తం సగానికి వచ్చేస్తుంది. అయిదో వంతు నెమ్మదిస్తే సగం కరెంటు మిగులుతుంది. ఇంత లాభసాటి బేరం ఇంజనీరింగ్‌లో అరుదు.

ఈ బేరాన్ని ల్యాప్‌టాప్‌ల్లో గట్టిగా ఆడింది ఇంటెల్‌కు చెందిన ఇజ్రాయెల్ బృందం. 2000ల మొదట్లో ఆ కంపెనీ పెంటియమ్ 4ను ఎన్ని గిగాహెర్ట్జ్‌లంటే అన్ని గిగాహెర్ట్జ్‌లు చూపించి అమ్ముకుంటోంది. ఆ చిప్‌ను ల్యాప్‌టాప్‌లో పెడితే ఒళ్లో పెట్టుకోలేనంత వేడి. హైఫాలోని ఇంజనీర్లు ఆ దారి వదిలేసి, పాత పెంటియమ్ 3 వంశం నుంచి వేరే చిప్ కట్టారు. గిగాహెర్ట్జ్ తక్కువ, ఒక్కో క్లాక్ దెబ్బకు చేసే పని ఎక్కువ. 2003 మార్చిలో అది పెంటియమ్ ఎమ్‌గా, వైఫైతో కలిపి సెంట్రినో పేరుతో వచ్చింది. తర్వాతి కాలంలో డెస్క్‌టాప్ చిప్‌లు కూడా ఆ దారికే రావాల్సి వచ్చింది. గిగాహెర్ట్జ్ అంకె చూసి ల్యాప్‌టాప్ కొనే అలవాటు మనలో ఇంకా పోలేదు గానీ, దానికి కాలం చెల్లి ఇరవై ఏళ్లు దాటింది.

2013కి వద్దాం. ఆ ఏడు వచ్చిన చిప్‌ల తరం పేరు హాస్వెల్. మనం వెబ్ పేజీ చదువుతున్నామనుకోండి. పేజీ తెరుచుకునేది ఒక సెకను, చదివేది ఒక నిమిషం. ఆ నిమిషమంతా ప్రాసెసర్‌కు చెప్పుకోదగ్గ పనేమీ లేదు. పాత చిప్‌లు ఆ ఖాళీ సమయంలో కూడా సగం మేలుకునే ఉండేవి. పని లేకపోయినా ట్రాన్సిస్టర్లలోంచి కరెంటు కారిపోతూనే ఉంటుంది. ప్రతి ఇంట్లో ఒక తాతగారుంటారు. ఎవరు గది దాటినా వెనకే వెళ్లి ఫ్యాను, లైటు ఆపేస్తుంటారు. హాస్వెల్‌లో ఇంజనీర్లు చేసింది అదే. చిప్‌ను గదులు గదులుగా విడదీసి, పని లేని గదికి సరఫరానే కత్తిరించారు. మళ్లీ పని పడితే మనిషి కంటికి ఆనకముందే లేచేలా చేశారు. విడిగా ఉండే సహాయక చిప్‌ను ప్రాసెసర్ పక్కకే తెచ్చి ఒకే ప్యాకేజీలో పెట్టారు. ఎయిర్‌లో మామూలు మెమరీ బదులు ఫోన్లలో వాడే తక్కువ వోల్టేజి మెమరీ వేశారు. ఆ చిప్ మూల వేగం కూడా పాతదానికంటే తక్కువే, 1.8 గిగాహెర్ట్జ్ నుంచి 1.3కి దిగింది. ఐదు గంటల రహస్యమంతా ఇంతే. యంత్రం పని చేస్తున్నప్పుడు మిగిల్చింది కొంచెమే, ఊరకే ఉన్నప్పుడు మిగిల్చింది బోలెడు.

ఊరకే ఉండనివ్వని సాఫ్ట్‌వేర్ ఉంటే మాత్రం ఈ శ్రమంతా బూడిదలో పోసినట్టే. విండోస్‌లో సిస్టమ్ గడియారం మామూలుగా సెకనుకు 64 సార్లు ప్రాసెసర్‌ను పలకరిస్తుంది. 2014లో క్రోమ్ బ్రౌజర్ మీద గోల ఎందుకు రేగిందంటే, అది తెరిచి ఉంటే చాలు, పని లేకపోయినా ఆ పలకరింపును సెకనుకు 1,000 సార్లకు పెంచేస్తోందని తేలింది. పాపం, అంతసేపూ నిద్ర పట్టని చిప్. తర్వాత దాన్ని సరిచేశారు. 2013 చివర్లో ఆపిల్ తన మ్యావరిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో దీనికి ఒక ఉపాయం పెట్టింది. చిన్న చిన్న పనులు ఒక్కొక్కటీ వచ్చి లేపకుండా, కొద్ది క్షణాలు ఆగి, గుంపుగా కలిసి ఒకేసారి లేపుతాయి. పని అంతే, నిద్ర ఎక్కువ.

ఎం1 చేసిన గొప్పతనమూ ఈ దారిలోదే. ఫోన్ చిప్‌ల ఇంట్లో పుట్టిన చిప్ కాబట్టి పొదుపు దానికి పుట్టుకతో వచ్చింది. పెద్ద కోర్లు నాలుగు, చిన్న కోర్లు నాలుగు. మెయిల్ చూడ్డం, పాట వినడం లాంటివి చిన్నవాటికి అప్పజెప్పి పెద్దవి పడుకుంటాయి. మెమరీని ప్రాసెసర్ ప్యాకేజీలోనే పెట్టారు. సమాచారాన్ని బోర్డు మీద దూరం మోయడానికీ కరెంటు ఖర్చవుతుంది కదా, ఆ దూరం తగ్గింది. 2024లో ఇంటెల్ లూనార్ లేక్ పేరుతో తెచ్చిన చిప్‌లోనూ మెమరీ ప్యాకేజీ మీదకే ఎక్కింది. అదే ఏడు క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ చిప్‌లతో విండోస్ ల్యాప్‌టాప్‌లు వరుసగా దిగాయి. క్వాల్‌కామ్, ఇంటెల్, ఏఎండీ మూడింటికీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. మన పిల్లలు చాలామంది చేసే, ‘చిప్ డిజైన్‌లో చేస్తున్నాడు’ అని ఇంట్లో చెప్పుకునే ఉద్యోగాల్లో పెద్ద బెంగ ఈ ‘పవర్ బడ్జెట్’ గురించే. ఏ బ్లాకుకు ఎన్ని మిల్లీవాట్లు, ఎప్పుడు నిద్ర, ఎప్పుడు మెలకువ అన్నదే లెక్క.

చిప్ ఇంత పొదుపరి అయ్యాక, ఖర్చులో పెద్ద పద్దు తెరదే. ఎల్‌సీడీ తెర వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుగులో సగం మొదటి పోలరైజర్ దగ్గరే పోతుంది. మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు రంగుల ఫిల్టర్లు మింగేస్తాయి. పిక్సెల్ చుట్టూ ఉండే తీగలు, ట్రాన్సిస్టర్ల నీడ మరికొంత. చివరికి మన కంటికి చేరేది నూటికి పది కూడా ఉండదు. పిక్సెళ్లు ఎక్కువైన కొద్దీ ఒక్కోదాని కిటికీ చిన్నదై, అదే వెలుగు రావడానికి వెనక లైటు మరింత గట్టిగా వెలగాలి. అందుకే ఒకే ల్యాప్‌టాప్‌ను మామూలు తెరతోనూ 4కే తెరతోనూ అమ్మితే, 4కే దానికి కొన్ని గంటలు తగ్గుతాయి. పదమూడు అంగుళాల తెర మీద ఆ తేడాను పట్టుకునే కన్ను ఎంతమందికి ఉందో నాకైతే అనుమానమే. ఓఎల్‌ఈడీలో వెనక లైటు లేదు, ఒక్కో పిక్సెల్ తానే వెలుగుతుంది. నల్లటి సినిమా దృశ్యానికి అది పొదుపు. తెల్లటి వర్డ్ ఫైల్, ఎక్సెల్ షీట్ రోజంతా తెరిచి ఉంచేవారికి అదే దుబారా. డార్క్ మోడ్ వల్ల బ్యాటరీ మిగిలేదీ ప్రధానంగా ఓఎల్‌ఈడీ మీదే. ఎల్‌సీడీ మీద నలుపు కూడా వెనక లైటు ఖర్చుతో చూపించేదే.

పల్చదనం, తేలికదనం ఒకటే అని ప్రకటనలు మనకు అలవాటు చేశాయి. కావు. మందాన్ని తగ్గిస్తే మొదట పోయేది బ్యాటరీకి చోటు. పాత ల్యాప్‌టాప్‌ల్లో గుండ్రటి సెల్స్ ఉండేవి, 18 మిల్లీమీటర్ల వ్యాసం. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ అనే వర్గానికి పెట్టిన హద్దు 13 అంగుళాల యంత్రానికి మొత్తం మందమే 18 మిల్లీమీటర్లు. ఆ సెల్స్ పట్టవు. రేకు పొట్లంలో చుట్టిన చదును సెల్స్ వచ్చాకే ఈ యంత్రాలు సాధ్యమయ్యాయి. అయితే పొట్లం మరీ పల్చనైతే పనికొచ్చే పదార్థం తగ్గి, ఏ శక్తీ నిల్వ చేయని కవరు, అంచుల వాటా పెరుగుతుంది.

ఈ పల్చదనం పిచ్చి పరాకాష్ఠకు చేరింది 2015 నాటి 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో. 0.92 కిలోలు, 13.1 మిల్లీమీటర్లు. అంచుల వైపు సన్నబడే పెట్టెలో ప్రతి మూలా నిండేలా బ్యాటరీని మెట్లు మెట్లుగా పేర్చారు. అయినా 39.7 వాట్-అవర్లే పట్టింది. ఫ్యాన్ తీసేశారు. చార్జింగ్‌కూ, హెడ్‌ఫోన్లు తప్ప మిగతా అన్నింటికీ కలిపి ఒకే ఒక్క యూఎస్‌బీ-సీ రంధ్రం. మీటల లోతు తగ్గించడానికి తెచ్చిన కొత్త కీబోర్డు ఎన్ని తిట్లు తిన్నదో అందరికీ తెలుసు. 2019లో ఆ మ్యాక్‌బుక్‌నే ఆపేశారు. 2021లో అదే కంపెనీ తన 16 అంగుళాల ప్రో మోడల్‌ను ముందటి దానికంటే మందంగా, బరువుగా చేసి, తీసేసిన పోర్టులు తిరిగి పెట్టింది. మందంలో తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, 16.2 మిల్లీమీటర్ల నుంచి 16.8కి. జనం మెచ్చుకున్నారు.

తేలికదనాన్ని వేరేగా సాధించిన దారి చూడాలంటే కొరియా, జపాన్ వైపు వెళ్లాలి. 2019లో ఎల్‌జీ గ్రామ్ 17 అంగుళాల తెరతో, 72 వాట్-అవర్ల బ్యాటరీతో 1.34 కిలోలకే వచ్చింది. ఎనిమిదేళ్ల ముందటి 13 అంగుళాల ఎయిర్ బరువే! ఉపాయం లోహంలో ఉంది. అల్యూమినియం సాంద్రత 2.7 అయితే మెగ్నీషియం మిశ్రమాలది దాదాపు 1.8. ఒకే ఆకారపు పెట్టె మూడో వంతు తేలికవుతుంది. మందం 17 మిల్లీమీటర్లు దాటినా వాళ్లు సిగ్గుపడలేదు. ఆ చోటే బ్యాటరీకి దక్కింది. దీనికి మూల్యం లేకపోలేదు. మూత పట్టుకుంటే కాస్త ఊగుతుంది, కీబోర్డు మధ్యలో నొక్కితే దిగుతుంది. చేత్తో పట్టుకోగానే ‘ప్లాస్టిక్‌లా ఉందే’ అనిపిస్తుంది. దుకాణంలో అమ్మకాన్ని చెడగొట్టేది ఆ మాటే, అది లోహమే అయినా.

జపాన్ ఉద్యోగులు కిక్కిరిసిన లోకల్ రైళ్లలో ల్యాప్‌టాప్ బ్యాగుతో నిలబడతారు. పానసోనిక్ లెట్స్ నోట్ యంత్రాలు వాళ్లకోసమే పుట్టాయి. మూత మీద కారు బానెట్‌లా ఎత్తుపల్లాలుంటాయి, 100 కిలోల ఒత్తిడిని తట్టుకునేలా పరీక్షిస్తారు. చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు. ఫుజిట్సు మరో అంచుకు వెళ్లి 13 అంగుళాల ల్యాప్‌టాప్‌ను 634 గ్రాములకు దించింది. అంత తగ్గాలంటే బ్యాటరీని 25 వాట్-అవర్లకు, అంటే ఎయిర్‌లో సగానికి కోసుకోవాల్సి వచ్చింది. ఎంత తేలిక చేసినా చివరికి గ్రాములు, గంటలు ఒకే ఖాతాలోంచి పోతాయని ఇది చూపిస్తుంది.

ఇక డబ్బాల మీద రాసే ‘20 గంటలు’, ‘22 గంటలు’ సంగతి. అవి అబద్ధాలు కావు, కానీ ఎక్కువగా వీడియో చూస్తే వచ్చే గంటలు. వీడియో చూడ్డం ప్రాసెసర్‌కు తేలికైన పనుల్లో ఒకటి. దానికోసం చిప్‌లో చిన్న ప్రత్యేక సర్క్యూట్ ఉంటుంది, మిగతా చిప్ హాయిగా నిద్రపోతుంది. తెర వెలుగు కూడా ఇంట్లో రాత్రి సరిపోయేంతే పెడతారు. అదే ఎం1 ఎయిర్‌కు సినిమా చూస్తే 18 గంటలు, వెబ్ చూస్తే 15 అని కంపెనీయే చెప్పింది. వీడియో కాల్ అయితే కెమెరా, మైకు, వైఫై, వీడియో కుదింపు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. కోడ్ కంపైల్ చేసినా, గేమ్ ఆడినా 20, 30 వాట్లు లాగడం మామూలే. 50ని 25తో భాగిస్తే రెండు గంటలు. ‘పదిహేను గంటలన్నారు, రెండు గంటలకే ఆరిపోయింది’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఈ భాగహారమే.

మన దగ్గర ఇంకో శత్రువుంది, ఎండ. లిథియం బ్యాటరీలో గ్రాఫైట్ మీద పల్చటి పొర ఒకటి ఏర్పడి, రోజురోజుకూ కొద్దికొద్దిగా లిథియంను మింగుతూ పెరుగుతుంది. వేడి పెరిగితే ఆ పొర వేగంగా పెరుగుతుంది. నూటికి నూరు చార్జ్‌లో నిలిపి ఉంచితే ఇంకా వేగంగా. ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల లోపు వాడమంటుంది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం మే నెలలో 45 చూపిస్తుంటే ఆ సలహా నవ్వు తెప్పిస్తుంది గానీ, చెయ్యగలిగింది లేకపోలేదు. పార్క్ చేసిన కారులో వదలొద్దు. రోజంతా చార్జర్‌కు తగిలించి ఉంచేవారు సెట్టింగ్స్‌లో చార్జ్‌ను 80 శాతం దగ్గర ఆపే అవకాశం ఉంటే పెట్టుకోండి. ఇప్పుడు చాలా కంపెనీల యంత్రాల్లో ఉంది. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే గాలి రంధ్రాలు మూసుకుపోయి పెట్టె వేడెక్కుతుంది. టచ్‌ప్యాడ్ పైకి తేలుతున్నట్టు, మూత సరిగా మూతపడనట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ రోజే వాడకం ఆపి బాగుచేయించాలి. దాన్ని నొక్కి సర్దే ప్రయత్నం చెయ్యొద్దు.

కొనేటప్పుడు దుకాణంలో మొదటి ప్రశ్న ‘ఐ5ఆ, ఐ7ఆ’ అని. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో అయినా, విజయవాడలో అయినా అంతే. ఆ ప్రశ్న తర్వాత అడుగుదాం. ముందు వాట్-అవర్లు ఎన్నో అడగండి. డబ్బా మీద లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, లేదా బ్యాటరీ లేబుల్ మీద ఉంటుంది. మిల్లీయాంప్-అవర్లు చూపించి ‘ఇందులో ఎక్కువుంది సార్’ అంటే నమ్మకండి. 7.7 వోల్టుల దగ్గర 7,000 మిల్లీయాంప్-అవర్లూ, 15.4 వోల్టుల దగ్గర 3,500 మిల్లీయాంప్-అవర్లూ ఒక్కటే, రెండూ దాదాపు 54 వాట్-అవర్లు. బరువు అడిగేటప్పుడు చార్జర్‌ను కూడా కలిపి తూచండి. రోజూ మోసేది రెండింటినీ కదా. యూఎస్‌బీ-సీతో చార్జ్ అయ్యే యంత్రమైతే చిన్నగా ఉండే గ్యాలియం నైట్రైడ్ చార్జర్ ఒకటి కొనుక్కుంటే పాత ఇటుకలాంటి అడాప్టర్ ఇంట్లోనే ఉండిపోతుంది.

నా ఓటు 14 అంగుళాలు, 1.2 నుంచి 1.3 కిలోలు, 55 నుంచి 70 వాట్-అవర్లు, 4కే కాని తెర ఉన్నదానికి. దానికంటే పల్చనిది అందం కోసమే, పని కోసం కాదు.

ఒక్క మాట మిగిలింది. ఏ లిథియం బ్యాటరీ అయినా కొన్నేళ్లకు అరిగిపోతుంది. ఈ పల్చటి యంత్రాల్లో చాలావాటికి దాన్ని బంకతో అతికించేస్తున్నారు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో ఇలాంటి బ్యాటరీలు వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలి, కొన్ని మినహాయింపులు తప్ప. అదే యంత్రాలు మన ఊరికీ వస్తాయి. ఇక్కడ బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో, అసలు దొరుకుతుందో లేదో బిల్లు కట్టకముందే అడగండి. జవాబు చెప్పలేని దుకాణంలో కొనకండి.